వదలొద్దని నేర్పినవాణ్ణి

మా బస్తర్‌లో ఒకప్పుడు రగ్బీ ఆడారంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానండి. నేను ఆడాను. ఆడటం కంటే ఎక్కువగా, ఆడేవాళ్ళకి నేర్పాను. ఆ నేర్పినందుకే ఇన్నేళ్ళ తర్వాత కూర్చుని ఇది రాస్తున్నాను, ఆట మీద ముచ్చటపడి కాదు.

అప్పటికింకా బస్తర్ సంస్థానమే. శబరి ఒడ్డున కొంటాలో ఒక కలప కంపెనీ డిపో ఉండేది. అడవిలో కొట్టిన దుంగల్ని అక్కడికి చేర్చి, తెప్పలు కట్టి నదిలో కిందికి పంపేవారు. నేను ఆ డిపోలో దుబాసీని. డిపో దొర ఇంగ్లీషులో అన్నది కూలీలకి తెలుగులోనో, అక్కడి దోర్లవాళ్ళ భాష దోర్లీలోనో చెప్పాలి. సంస్థానం కచేరీ నుంచి హిందీలో వచ్చిన కబురు దొరకి ఇంగ్లీషులో చెప్పాలి. ఇరవై నాలుగేళ్ళ వయసు, ఊదితే ఎగిరిపోయే ఒళ్ళు, నాలుగు భాషలు వచ్చన్న పొగరు. అదీ అప్పటి నేను.

దొర వాళ్ళ దేశంలో రగ్బీ ఆడినవాడు. ముక్కు ఒక పక్కకి వంగి ఉండేది. ఆటలోనే విరిగిందని గొప్పగా చూపించుకునేవాడు. గోదావరి ఒడ్డున ఒక రంపపు మిల్లు ఉండేది. అక్కడి దొరలూ, తల్లివైపు మనవాళ్ళైన సగం దొర మేస్త్రీలూ కలిసి ఒక జట్టు కట్టుకున్నారు. చలికాలంలో లాంచీ మీద శబరికి ఎదురెక్కి వచ్చి మా దొరతో తాగి, తిని, అడవిలో నీకు జట్టెక్కడిదని వేళాకోళం చేసి పోయేవారు. ఒక ఏడు ఆ వేళాకోళం దొరకి గుచ్చుకుంది. డిపోలో దుంగలు తీయించి మైదానం చేయించాడు. నన్ను పిలిచి, నాతో కలిపి పదిహేనుమందిని పోగు చెయ్యమన్నాడు.

ఆట రెండు ముక్కల్లో చెప్తాను. బంతి కోలగా ఉంటుంది, మావాళ్ళు దాన్ని దోసకాయ అనేవారు. దాన్ని చంకలో పెట్టుకుని పరుగెత్తి అవతలి గీత దాటి నేలకి ఆనించాలి. ముందున్నవాడికి చేత్తో విసరకూడదు, వెనకున్నవాడికే అందించాలి. ఆట ఆగినప్పుడు రెండు జట్లలోంచీ ఎనిమిదిమందేసి వంగి, ఒకరి భుజాలొకరు పెనవేసుకుని, తలలు దూర్చి నెట్టుకోవాలి. మధ్యలో బంతి దొర్లిస్తారు. ఏ జట్టు నిలబడి నెడితే బంతి ఆ జట్టు కాళ్ళ కిందుగా వెనక్కి వస్తుంది. దొర దాన్ని స్క్రమ్ అన్నాడు. మావాళ్ళు కుమ్ములాట అన్నారు.

పరుగెత్తడానికి తీసుకున్నవాళ్ళంతా వేటగాళ్ళు. ఎండాకాలం ఊళ్ళకి ఊళ్ళు కలిసి వేటకి పోతాయి. అందరూ బారుగా అడవిని తోలుకుంటూ నడుస్తారు. ఆ బారు దాటి ఎవడూ ముందుకి పోడు, పోతే వెనకవాడి బాణం వీపులో దిగుతుంది. అలాంటివాళ్ళకి బంతి వెనక్కే ఇవ్వాలని దొర మూడు రోజులు చెబుదామనుకుంటే అరగంటలో అయిపోయింది. ఇంకెక్కడికిస్తామన్నట్టు చూశారు. బంతి చేతికి రాగానే బారు ఒక పక్కకి ఒరిగేది. అవతలివాళ్ళు అటు పరుగెత్తేవారు. బంతి కొస మనిషి దాకా పోయినట్టే పోయి, వాడి వెనకగా అడ్డంగా వచ్చినవాడి చేతిలో పడి లోపలికి తిరిగేది. దుప్పిని మలిపినట్టు అవతలి పదిహేనుమందినీ మలిపేవాళ్ళు. దొర చప్పట్లు కొట్టి, ఇది నేను నేర్పింది కాదని ఒప్పుకున్నాడు. ఆయన నోట అలాంటి మాట నేను మళ్ళీ వినలేదు.

ఇదంతా బంతి చేతికొస్తేనే. బంతి రావాల్సిన చోట్ల మేము గుండుసున్నా.

బంతి గీత బయటికి పోతే రెండు జట్లూ పక్కపక్కన వరసగా నిలబడాలి. ఒకడు లోపలికి విసురుతాడు, ఎగిరి అందుకోవాలి. ఎవరికి విసురుతున్నామో మనవాళ్ళకే తెలిసేలా ఒక గుర్తు మాట అరుస్తారు. నేను తెలివిగా చెట్ల పేర్లు పెట్టాను. టేకు అంటే రెండోవాడికి, మద్ది అంటే నాలుగోవాడికి, ఇప్ప అంటే చివరివాడికి. మాతో ఆడటానికి వచ్చేది రోజంతా కలప కోసే మిల్లువాళ్ళని, మాకంటే వాళ్ళే ఆ పేర్లు ఎక్కువసార్లు పలుకుతారని నాకు తట్టలేదు. మొదటి ఆటలో మేము విసిరిన ప్రతి బంతీ వాళ్ళే అందుకున్నారు. ఒక మేస్త్రీ అయితే నాకంటే ముందే పేరు అరిచి నవ్వాడు.

అది సిగ్గు. అసలు దెబ్బ కుమ్ములాటలో తగిలింది.

ఆ ఎనిమిదిమంది దుంగలు లాగే ముఠా. ముఠాకి పెద్ద మా బావ, మా అక్క మొగుడు. చింతలనార్ వైపు అడవుల్లో దుంగకి మోకు కట్టి ఎనిమిదిమందీ పట్టుకుని వాలు మీద లాగాలి. దుంగ ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం. అందుకని ఒక కట్టుబాటు ఉండేది. కాస్త తేడా కనిపిస్తే ఎవడైనా సరే ‘ఇడువు’, అంటే వదిలెయ్యి, అని అరవాలి. అరుపు వినపడగానే ఎనిమిదిమందీ మోకు వదిలి వాలు పైవైపుకి దూకాలి. ఏమిటి, ఎందుకు అని తిరిగి చూడటం లేదు. తర్వాత చూస్తే దుంగ కదలనే లేదనుకోండి, అరిచినవాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనరు. నీళ్ళు తాగి మళ్ళీ మోకు పట్టుకుంటారు. ఆ మాట ఊరికే ఆటకి గానీ, పిల్లల్ని బెదిరించడానికి గానీ ఇళ్ళల్లో కూడా అనేవారు కాదు.

బలానికి తక్కువ లేదు. మొదటి ఆటలో మొదటి కుమ్ములాటలోనే మిల్లువాళ్ళని నాలుగడుగులు వెనక్కి నెట్టారు. రెండోసారి ఒక చివరనున్నవాడి కాలు జారింది, మొత్తం కుప్ప ఒరిగింది. మావాళ్ళలో ఎవరో ‘ఇడువు’ అన్నారు. ఎనిమిదిమందీ చేతులు వదిలేసి పక్కలకి దూకారు. ఎదుటివాళ్ళు బోర్లా పడ్డారు, లేచారు, బంతి తీసుకుని నడుచుకుంటూ పోయి గీత అవతల పెట్టారు. దొర తల పట్టుకున్నాడు. మావాళ్ళు మాత్రం ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అని ఒకరినొకరు తడుముకుని చూసుకుంటున్నారు.

ఆట సగం అయ్యేసరికి ఆ మేస్త్రీకి కిటుకు అంతుపట్టింది. తెలుగు వచ్చినవాడు కదా. ఆ తర్వాత కుమ్ములాట మొదలైనప్పుడల్లా వాడే ‘ఇడువు’ అని అరిచాడు. మావాళ్ళు ప్రతిసారీ వదిలారు. వాడు దొంగ అరుపు అరుస్తున్నాడని తెలిసి కూడా వదిలారు. వేటగాళ్ళు బారు తీర్చి నిలబడ్డారే గానీ ఆ పూట బంతి ముట్టుకోలేదు.

రెండు రోజుల తర్వాత దొర నన్ను పిలిచాడు. మిల్లువాళ్ళు అయిదు వారాల్లో మళ్ళీ వస్తారన్నాడు. ఈసారి గెలిస్తే ఆ ఎనిమిదిమందినీ ఈ ఏడు వెట్టికి పిలవకుండా కచేరీలో చెప్తానన్నాడు. ఆయన చెబితే జరిగే రోజులవి.

ఆ మాట విలువ తెలియాలంటే మా బావ సంగతి చెప్పాలి. వాగు పక్కన ఆయనకి కొంచెం భూమి ఉంది. చలికాలం, ఎండాకాలం కంపెనీ దుంగలు లాగినా, తొలకరి పడగానే అరక కట్టుకోవాలని ఆయన ఆశ. వరసగా రెండేళ్ళు సరిగ్గా తొలకరికే వెట్టికి పట్టుకుపోయారు. ఒక ఏడు జగర్‌గుండా వైపు బాట కొట్టడానికి, ఒక ఏడు ఎవరో అధికారి డేరాలు మొయ్యడానికి. తిరిగొచ్చేసరికి అదును దాటిపోయింది. రెండేళ్ళుగా ఆ చేలో గడ్డి తప్ప ఏమీ మొలవలేదు. మా అక్క ఇప్పపువ్వు ఉడకబెట్టి, అడవి గడ్డలు తవ్వి పిల్లల కడుపు నింపింది. నేను చూడ్డానికి వెళితే ఆ గంజి నాకు పెట్టడానికి సిగ్గుపడి, అన్నం తినే వచ్చావు కదా తమ్మీ అని తనే అనేసేది.

దొర మాట బావకి చెప్పాను.

“ఈ ఒక్క ఏడు నా చేను నేను దున్నుకుంటే చాలు బామ్మర్దీ,” అన్నాడు. “ఏం జెయ్యాల్నో చెప్పు.”

ఏం చెయ్యాలో దొర చెప్పలేదు, నేనే కనిపెట్టాను. ఈ విషయంలో ఎవరి మీదా తోసెయ్యడానికి లేదు. సాయంత్రం పని దిగాక ఎనిమిదిమందినీ కుమ్ములాటకి వంచేవాణ్ణి. వాళ్ళ చుట్టూ తిరుగుతూ చెవి దగ్గర ‘ఇడువు’ అని అరిచేవాణ్ణి. మొదట్లో అందరూ వదిలేసి దూకేవారు, వాళ్ళకే నవ్వొచ్చేది. ముందుగా వదిలినవాడు ఆ పూట అందరికీ శబరి నుంచి నీళ్ళ కావిడి మోసుకురావాలని పెట్టాను. ఒట్టి వదలకపోవడంతో పని కాలేదు, చేతులు సడలేవి. అందుకని ఇంకో సంగతి కనిపెట్టాను. ఆ మాట వినపడితే చెయ్యి ఇంకా బిగించండి అన్నాను. అది పట్టుబడింది. మూడు వారాలయ్యేసరికి నేను అరవగానే ఎనిమిదిమంది వీపులూ ఒక్కసారి బిగుసుకోవడం కళ్ళారా చూశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజుల్లో ఒకాయన మైదానం పక్కన కూర్చుని చూస్తూండేవాడు. ఒకప్పుడు బావకి ముందు ముఠాపెద్ద, దోర్ల ముసలాయన.  ఒక సాయంత్రం లేచి వచ్చి నా దగ్గర నిలబడ్డాడు.

“ఆ మాట ఉత్తగ అనేది గాదు అయ్యా,” అన్నాడు. “ఒక్కసారి చెయ్యికి నేర్పినంక మళ్ల మరిపించుడు నీతోని గాదు.”

వాళ్ళు మనుషులు, ఎడ్లు కాదు, మైదానమేదో అడవేదో వాళ్ళకి తెలియదా అని నవ్వాను.  మర్నాటి నుంచి ఆయన రావడం మానేశాడు. ముసలితనం, చాదస్తం అనుకున్నాను. ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. ఆయన మాటలు తలుచుకోని రోజు లేదు.

బావ కూడా ఒకసారి అడిగాడు. నీళ్ళ దగ్గర చేతులు కడుక్కుంటూ, మరి అడివిల ఎట్ల అన్నాడు. అడవి అడవే, ఇది ఆట అన్నాను. ఆయన తలూపాడు. నాలుగు భాషలు వచ్చినవాణ్ణి, దొరతో సమానంగా మాట్లాడేవాణ్ణి, నేను చెబితే నిజమే అయ్యుంటుందని నమ్మాడు. ఆ నమ్మకం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మిల్లువాళ్ళు మళ్ళీ వచ్చారు. మబ్బు పట్టిన రోజు, వాన పడదు, ఎండ రాదు. చెట్ల పేర్లు తీసేసి దోర్లీలో చేపల పేర్లు పెట్టాను, ఈసారి వరసలో సగం బంతులు మాకు దక్కాయి. మొదటి కుమ్ములాటలో బంతి దొర్లించగానే ఆ మేస్త్రీ నవ్వు మొహంతో ‘ఇడువు’ అన్నాడు. మావాళ్ళ చేతులు బిగిశాయి. వాడు మళ్ళీ అరిచాడు. ఇంకా బిగిశాయి. ఎదుటి ఎనిమిదిమందీ కాళ్ళు ఈడ్చుకుంటూ వెనక్కి పోయారు. ముందు వరస మధ్యలో ఉన్న మా బావ బంతిని కాలితో వెనక్కి లాగాడు. అది కాళ్ళ మధ్యగా నా దగ్గరికి వచ్చింది. నేను తీసి వేటగాళ్ళ బారుకి అందించాను. బారు కుడికి ఒరిగింది, మిల్లువాళ్ళు కుడికి పరుగెత్తారు, బంతి లోపలికి తిరిగింది. గీత దాటినవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

గెలిచాం. దొర టోపీ ఎగరేశాడు. మేస్త్రీ అరిచి అరిచి గొంతు బొంగురు పోయి లాంచీ ఎక్కాడు. వారం తిరక్కుండా కచేరీ నుంచి మాట వచ్చింది, ఈ ఏడు ఆ ఎనిమిదిమందికీ వెట్టి లేదని. మా అక్క విత్తనాల కుండ దించి, కడిగి, ఎండలో బోర్లించింది. పక్కింటికి పోయి వడ్లు అడిగి తెచ్చింది. నాకు కొత్త ధైర్యంతో గంజి పెట్టింది. మా వంశంలో ఇంతటి పని చేసినవాడు లేడని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎండలు ముదిరాక, తొలకరికి ఇంకా నెల ఉందనగా, దుంగల మీద కంపెనీ ముద్ర కొట్టడానికి నేను అడవికి వెళ్ళాను. ముఠా ఒక పెద్ద మద్ది దుంగని వాలుకి అడ్డంగా లాగుతోంది. బావ మోకు మీద అందరికంటే ముందున్నాడు, దుంగకి దగ్గరగా, దిగువ వైపున. నేను కాస్త పైన, సుత్తి పట్టుకుని నిలబడ్డాను. దుంగ కింద రాయి ఒకటి కదిలింది. నేను చూశాను. బావ నాకంటే ముందు చూశాడు.

“ఇడువు!” అన్నాడు.

వాళ్ళ చేతులు నాకు స్పష్టంగా కనిపించాయి. ఆ మాట వినగానే ఎనిమిదిమంది పిడికిళ్ళూ మోకు మీద బిగిశాయి. వీపులు బిగుసుకున్నాయి. నేను రోజూ సాయంత్రం చూసి మురిసిపోయినట్టే, ఒక్కడు కూడా వెనకాడలేదు. అరిచిన బావ చేతులు కూడా అంతే. ఒక్క ఊపిరి సేపు. దుంగ కిందికి జారి మోకుని గుంజింది. వెనకనున్నవాళ్ళు రాళ్ళ మీద ఈడ్చుకుపోయి అప్పుడు వదిలారు, అరచేతుల తోలు పోయింది. ముందున్న బావ దుంగ కిందికి పోయాడు.

ప్రాణం పోలేదు. నడుము దగ్గర ఎముకలు, కుడి తొడ నుజ్జయ్యాయి. కావిడికి మంచం కట్టి రెండు రోజులు మోసి కొంటాకి తెచ్చాం.  దారి పొడుగునా ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఎక్కడో ఒకచోట ఏడ్చేవాణ్ణి. దొర మందులు పంపించాడు, చూడటానికి ఒకసారి వచ్చాడు. వచ్చే చలికాలానికి ముందు వరస మధ్యలోకి ఎవరిని తీసుకుందామని నన్ను అడిగాడు.  నేను ఆ తర్వాత మైదానంలోకి అడుగు పెట్టలేదు.

ముఠా కూడా నిలవలేదు. మిగిలిన ఏడుగురూ మళ్ళీ మోకు పట్టుకున్నారు. నాలుగు రోజులకి ఎవడో అరిచాడు. ముగ్గురు వదిలారు, నలుగురు బిగించారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఆ సాయంత్రమే మోకు చుట్టి డిపోలో అప్పగించి ఎవరి దారిన వాళ్ళు పోయారు. అరుపు విని తిరిగి చూడని మనుషుల్ని, ఎవడరిచాడు, ఎందుకరిచాడు అని చూసేలా చేశాను. నేను వాళ్ళకి నేర్పిన విద్య అది.

తొలకరి పడింది. వెట్టికి పిలుపు రాలేదు. దొర మాట తప్పలేదు మరి. ముఠాలో ఇద్దరు వచ్చి బావ చేనుకి అరక కట్టారు. నేనూ వెళ్ళాను. నాకు దున్నడం రాదు, గట్టు మీద గడ్డి పీకుతూ కూర్చున్నాను. బావ మంచం గుమ్మంలో వేయించుకుని అక్కడి నుంచే చూస్తున్నాడు. మా అక్క విత్తనాల గంప నెత్తిన పెట్టుకుని నా పక్కగా పోయింది. నా వైపు తల తిప్పలేదు.

మధ్యాహ్నం బావ నన్ను చెయ్యి ఊపి పిలిచాడు. వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. చేను ఎంతవరకు అయిందని అడిగాడు, చెప్పాను. ఎడమ ఎద్దు మొరాయిస్తోందా అన్నాడు, లేదన్నాను. తర్వాత మంచం నులకలో ఊడి వేలాడుతున్న తాడు చేతిలోకి తీసుకుని పిడికిట్లో పట్టుకున్నాడు.

“ఒకసారి అను,” అన్నాడు.

ఏమనమంటున్నాడో నాకు తెలుసు. నా వల్ల కాదన్నాను. ఆయన వదల్లేదు. కోపంగా కాదు, వైద్యుణ్ణి నాడి చూడమన్నట్టు అడిగాడు. ఇన్ని దినాలు పండుకునే ఉన్న గదా, పోయిందో లేదో చూస్త అన్నాడు.

నాకే వినపడనంత నెమ్మదిగా ఆ మాట అన్నాను. ఆయన వేళ్ళు తాడు మీద బిగుసుకున్నాయి. ఇద్దరం ఆ చేతి వైపే చూశాం. ఆయన ఎడమ చేత్తో కుడి చేతి వేళ్ళని ఒక్కొక్కటిగా పట్టుకుని విప్పుకున్నాడు. బొటనవేలు దగ్గర కాస్త కష్టపడ్డాడు.